డెబియన్‌లో తెలుగు లొకేల్ అమరిక: ప్రాజెక్టు డైరీ

లక్ష్యం

డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం నడుస్తున్న ఒక కంప్యూటరును తెలుగులో చదవడానికి, రాయడానికి పూర్తిగా అనువుగా మార్చడం, అదే సమయంలో దానిపై వాటంతట అవే నడిచే స్క్రిప్టులకు ఎలాంటి ఆటంకమూ రాకుండా చూడటం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఈ రెండు కోరికలూ ఒకదానితో ఒకటి అంత సులువుగా పొసగవు. తెర ముందు కూర్చున్న మనిషికి వారం పేరు తెలుగులో కనబడాలి. లాగ్ ఫైలును చదివే ప్రోగ్రాముకు మాత్రం ఆ పేరు ఎప్పుడూ ఒకే రూపంలో, ఎవరి ఇష్టాయిష్టాలతోనూ మారకుండా ఉండాలి. అందువల్ల ఏ ఔట్‌పుట్‌ను ఎవరు చదువుతారో ముందు తేల్చుకుని, దాని తరువాతే ఆ చోట ఏ లొకేల్ (భాష, తేదీలు, సంఖ్యలు వంటివాటి రూపాన్ని నిర్ణయించే సెట్టింగుల సముదాయం) ఉండాలో నిర్ణయించాలన్న నియమం పెట్టుకున్నాను. ఆదేశాల పేర్లను, ఫైళ్ల పేర్లను ఈ డైరీలో పలికే తీరులోనే రాస్తున్నాను.

లొకేల్ తయారీ

ముందుగా లొకేల్ అన్న ఆదేశాన్ని ఏ ఆప్షనూ లేకుండా నడిపి, ఉన్న స్థితిని నమోదు చేసుకున్నాను. దాని ఔట్‌పుట్‌లో చాలామంది గమనించని ఒక వివరం ఉంది. కొన్ని విలువలు కొటేషన్ గుర్తుల మధ్య, కొన్ని గుర్తులు లేకుండా వస్తాయి. గుర్తుల మధ్య ఉన్న విలువను విడిగా ఎవరూ పెట్టలేదని, లాంగ్ అనే వేరియబుల్ (ప్రోగ్రాములు చదివే సెట్టింగు) నుంచో ఎల్‌సీ-ఆల్ అనే మరో వేరియబుల్ నుంచో సంక్రమించిందని అర్థం. గుర్తులు లేనిది ఎక్కడో ఎవరో ప్రత్యేకంగా పెట్టినది. ఒక సెట్టింగు ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకాల్సి వచ్చినప్పుడు ఈ తేడా చాలా పనిని తగ్గిస్తుంది.

తెలుగు లొకేల్ పేరు భాషా సంకేతం టీఈ, దేశ సంకేతం ఐఎన్ కలిసి ఏర్పడినది. దాన్ని వేరియబుల్‌లో రాసినంత మాత్రాన పని జరగదు, ఎందుకంటే దాని డేటా ముందుగా కంపైలై ఉండాలి. డెబియన్‌లో ఈటీసీ డైరెక్టరీలోని లొకేల్ డాట్ జెన్ ఫైలులో ఆ వరుస ముందున్న హ్యాష్ గుర్తును తొలగించి, లొకేల్-జెన్ ఆదేశాన్ని నడపాలి. అది షేర్ డైరెక్టరీలోని మూల ఫైలును తీసుకుని, లొకేల్-ఆర్కైవ్ అనే ఒకే పెద్ద ఫైలులోకి చేరుస్తుంది. మూల ఫైలు మామూలు టెక్స్టే కాబట్టి వారాల పేర్లు, నెలల పేర్లు, కరెన్సీ గుర్తు అందులో ఎలా రాసి ఉన్నాయో తెరిచి చూడవచ్చు. నేను చూశాను, చూడమనే ఇతరులకూ చెబుతాను.

ఇక్కడ పరీక్ష కోసం కావాలనే ఒక పని చేశాను: లొకేల్‌ను తయారు చేయకముందే లాంగ్‌కు తెలుగు విలువ ఇచ్చి చూశాను. లొకేల్ ఆదేశం ఒక్కటి మాత్రం ఆ పేరు గల ఫైలు లేదని ఫిర్యాదు చేసింది. మిగిలిన ప్రోగ్రాములు చాలావరకు నోరు మెదపకుండా సీ అనే కనీస లొకేల్‌కు జారిపోయాయి. ఆ స్థితిలో లొకేల్ చార్‌మ్యాప్ అని అడిగితే యూటీఎఫ్-8 (అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) అనే జవాబు రాదు, ఆన్సీ ఎక్స్3.4-1968 అని వస్తుంది. అది ఇంగ్లిషు అక్షరాలను మాత్రమే గుర్తించే ఆస్కీకి పాత ప్రామాణిక నామం. తెలుగు అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు కనబడుతున్నాయని ఎవరైనా అంటే, ఫాంట్ల జోలికి పోకముందు ఈ ఒక్క ఆదేశాన్ని నడపడం మంచిది.

ఏ విభాగానికి ఏ విలువ

ప్రోగ్రాములు ఆధారపడే గ్నూ సీ లైబ్రరీలో లొకేల్ 12 విభాగాలుగా ఉంటుంది. అక్షరాల వర్గీకరణ, సంఖ్యలు, కాలం, అకారాది క్రమం, కరెన్సీ, సందేశాలు అందరికీ అవసరమయ్యేవి. కాగితం పరిమాణం, కొలతలు, పేర్లు, చిరునామాలు, టెలిఫోన్, గుర్తింపు వివరాలు మిగిలిన ఆరు. ఎల్‌సీ-ఆల్‌కు విలువ ఉంటే అదే అన్నింటినీ శాసిస్తుంది, అది లేకపోతే ఆయా విభాగం వేరియబుల్, అదీ లేకపోతే లాంగ్. ఎల్‌సీ-ఆల్‌ను శాశ్వతంగా ఎక్కడా పెట్టకూడదని నిర్ణయించాను, ఎందుకంటే అది ఉన్నంతసేపూ మిగిలిన 12 విభాగాల అమరికకు అర్థం ఉండదు. ఒక ఆదేశం ముందు తాత్కాలికంగా రాసేందుకే అది పనికివస్తుంది.

యంత్రం మొత్తానికి వర్తించే విలువగా, అంటే ఈటీసీలోని డిఫాల్ట్ డైరెక్టరీలో ఉన్న లొకేల్ ఫైలులో, తెలుగును కాక భారతీయ ఇంగ్లిషు లొకేల్‌ను పెట్టాను. తెలుగు లొకేల్‌ను యూజరు సెషన్‌కు మాత్రమే పరిమితం చేశాను. దీనికి బలమైన కారణం ఉంది. గ్రాఫికల్ తెర రాకముందు కనబడే లినక్స్ కన్సోల్ ఒక ఫాంటులో గరిష్ఠంగా 512 ఆకారాలనే పట్టించుకోగలదు, పైగా గుణింతాలను, వత్తులను కూర్చే యంత్రాంగం దానిలో లేదు. డిస్కు పాడై కన్సోల్‌లోనే మరమ్మతు చేయాల్సిన సమయంలో దోష సందేశాలు గళ్లుగా కనబడితే వాటి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

సంఖ్యల విభాగంలో తేడా ఇలా కనబడుతుంది. టెర్మినల్‌లో ఆదేశాలను అందుకునే బ్యాష్‌లోని ప్రింట్‌ఎఫ్ ఆదేశానికి శాతం గుర్తు, ఒంటి కొటేషన్, డీ అన్న ఫార్మాట్ ఇచ్చి 1234567 అనే సంఖ్యను అచ్చు వేయమంటే అమెరికా లొకేల్‌లో 1,234,567 అని, భారతీయ ఇంగ్లిషు లొకేల్‌లో 12,34,567 అని, సీ లొకేల్‌లో కామాలేవీ లేకుండా వస్తుంది. లక్షలు, కోట్లు చదివే కంటికి రెండవదే సహజం. రూపాయి గుర్తు ₹ 2010లో యూనికోడ్ 6.0తో వచ్చింది కాబట్టి ఇప్పటి వ్యవస్థల్లో దానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు.

కాగితం విభాగాన్ని ఎవరూ తలచుకోరు, ప్రింటరు ముందు నిలబడే వరకు. అమెరికా లొకేల్ లెటర్ సైజును, అంటే 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవును సూచిస్తుంది. భారతీయ లొకేల్ ఏ4ను, అంటే 210, 297 మిల్లీమీటర్లను సూచిస్తుంది. పేజీ అడుగున మార్జిన్ కారణం లేకుండా ఎక్కువ తక్కువలవుతుంటే ఇదొకటి చూడాలి.

సందేశాల భాష

మెనూలు, దోష సందేశాలు తెలుగులో రావడానికి గెట్‌టెక్స్ట్ అనే వ్యవస్థ పనిచేస్తుంది. ప్రతి ప్రోగ్రాముకూ తెలుగు అనువాదాల ఫైలు విడిగా ఉంటుంది, అది లేనిచోట మూలంలోని ఇంగ్లిషే కనబడుతుంది. అందువల్ల తెర మొత్తం ఒకే భాషలో ఉండాలన్న పట్టుదలను మొదట్లోనే వదులుకోవడం మేలు.

ఈ దశలో చిక్కుపెట్టినది లాంగ్వేజ్ అనే మరో వేరియబుల్. లాంగ్ వేరు, లాంగ్వేజ్ వేరు. రెండవది గెట్‌టెక్స్ట్‌కు మాత్రమే వర్తించే ప్రాధాన్య జాబితా. తెలుగు, అది లేకపోతే హిందీ, అదీ లేకపోతే ఇంగ్లిషు అన్నట్టుగా కోలన్లతో వరుసగా రాయవచ్చు. సందేశాల విషయంలో ఇది ఎల్‌సీ-ఆల్‌ను కూడా తోసిరాజంటుంది, లొకేల్ సీ అయినప్పుడు తప్ప. టెర్మినల్‌లో దోష సందేశాలు ఇంగ్లిషులోనే ఉంటే ఇంటర్నెట్‌లో వెతకడం తేలికన్న ఉద్దేశంతో బ్యాష్ ప్రారంభ ఫైలులో సందేశాల విభాగానికి ఇంగ్లిషు విలువ ఇచ్చాను. కానీ లాంగ్వేజ్ వేరియబుల్ సెషన్ నుంచే వస్తుండటం వల్ల ఏ మార్పూ కనబడలేదు. అదే ఫైలులో దాన్ని తొలగించే వరుస చేర్చాక అంతా కుదిరింది. మెనూలు తెలుగులో, టెర్మినల్ ఇంగ్లిషులో: రోజంతా రెండూ వాడే మనిషికి ఇదే సౌకర్యమని నా అభిప్రాయం.

తెలుగు సెషన్‌లోకి మొదటిసారి ప్రవేశించినప్పుడు హోమ్‌లోని ఫోల్డర్ల పేర్లను కూడా తెలుగులోకి మార్చమంటారా అని వ్యవస్థ అడిగింది. పాత పేర్లే ఉంచమన్నాను. స్క్రిప్టుల్లో ఆ దారులు ఇప్పటికే రాసి ఉన్నాయి, ఫోల్డరు మారడానికి ప్రతిసారీ కీబోర్డు భాష మార్చుకోవడమూ విసుగే.

కీబోర్డు

కీబోర్డు అమరికకూ లొకేల్‌కూ సంబంధం లేదు. తెలుగు లొకేల్ లేకుండా తెలుగు టైపు చేయవచ్చు, తెలుగు లొకేల్ ఉన్నా టైపు చేయలేకపోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ ప్రామాణిక కీబోర్డు అమరిక అలవాటు ఉన్నవారికి, కీబోర్డు లేఅవుట్లను చూసే ఎక్స్‌కేబీలో భారత లేఅవుటులోని తెలుగు రకం చాలు. ఇంగ్లిషు అక్షరాలతో రాసి తెలుగు పొందాలనుకునేవారికి ఐబస్ అనే టైపింగ్ సాధనం, దానికి తోడుగా ఎం17ఎన్ ప్యాకేజీ కావాలి; ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ వంటి పద్ధతులు అందులో ఉన్నాయి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కీబోర్డుల జాబితాలో మొదటి స్థానం అమెరికా లేఅవుటుకే ఇవ్వాలి, తెలుగు రెండవది కావాలి. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్న యంత్రం బూట్ అయ్యేటప్పుడు పాస్‌వర్డు అడిగే తెర కూడా ఈ సెట్టింగునే అనుసరిస్తుంది. అక్కడ తెలుగు లేఅవుటు పడితే, చుక్కల వెనుక ఏ అక్షరం పడుతున్నదో కనబడదు కాబట్టి, పాస్‌వర్డు సరైనదే అయినా తలుపు తెరుచుకోదు.

సాఫ్ట్‌వేర్ అన్న మాటలో టకారపు పొల్లు తరువాత వకారం వత్తుగా మారకుండా ఉండాలంటే కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం మధ్యలో రావాలి. దానికి ఎక్స్‌కేబీలో స్పేస్ మీటకు సంబంధించిన ఒక ఆప్షన్ ఉంది. దాన్ని ఎంచుకున్నాక షిఫ్టుతో స్పేస్ నొక్కితే ఆ అక్షరం పడుతుంది. దీనికి ఒక మూల్యం ఉంది. ఆ అక్షరం ఉన్న మాటా, లేని మాటా, టెక్స్టులో వెతికే గ్రెప్ ఆదేశానికి రెండు వేర్వేరు మాటలు. వెతికే ముందు దాన్ని తొలగించే చిన్న ఏర్పాటు చేసుకోక తప్పలేదు.

అక్షరాల లెక్క

అక్షరాల వర్గీకరణ విభాగం ఏం చేస్తుందో అర్థం కావడానికి తెలుగు అన్న మాటే మంచి ఉదాహరణ. ఇన్‌స్క్రిప్ట్‌లో దీన్ని ఎల్, జడ్, ఎన్, జీ, ఐ, జీ మీటలతో కొట్టాలి: తకారం, ఎత్వం, లకారం, కొమ్ము, గకారం, కొమ్ము. ఆరు మీటలు, ఆరు కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే సంఖ్యలు). యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ప్రతిదీ 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 18 బైట్లు. ఈ మాటను చివర కొత్త వరుస లేకుండా లెక్కపెట్టే డబ్ల్యూసీ ఆదేశానికి ఇచ్చి, అక్షరాలు ఎన్నని ఎం ఆప్షన్‌తో అడిగితే యూటీఎఫ్-8 లొకేల్‌లో 6 అంటుంది, సీ లొకేల్‌లో 18 అంటుంది. బడిలో చదువుకున్న ఎవరైనా 3 అంటారు. ఆ మూడవ లెక్క ఈ ఆదేశానికి తెలియదు. అది యూనికోడ్‌లో గుచ్ఛాల విభజన అనే వేరే నియమాల పరిధిలోనిది. ఫారాల్లో పేరు పొడవుకు హద్దు పెట్టే ప్రోగ్రాములు రాసేవారు ఏ లెక్కను వాడుతున్నారో తెలుసుకుని రాయాలి.

ఫైళ్ల పేర్లలో మరో సూక్ష్మం ఎదురైంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయవచ్చు, ఎత్వం దానికి తోడు ఐత్వపు దీర్ఘచిహ్నం అనే రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే. లినక్స్ మాత్రం ఫైలు పేరును బైట్ల వరుసగానే చూస్తుంది. పేర్లను విడదీసి దాచే ఫైల్ సిస్టం నుంచి తెచ్చిన ఫోల్డరులో పైరు అన్న ఫైలు ఉంటే, మనం ఇక్కడ టైపు చేసిన పైరు దానితో కలవదు. కాపీ చేసేటప్పుడే పేర్లను ఎన్ఎఫ్‌సీ అనే కలిపి రాసే రూపంలోకి మార్చే వరుసను స్క్రిప్టులో చేర్చాను.

ఫాంట్లు

నోటో శాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు, పోతన 2000 అనే ఫాంట్లను స్థాపించి, ఏ ఫాంటు వాడాలో నిర్ణయించే ఫాంట్‌కాన్ఫిగ్‌లో తెలుగుకు నోటోను ముందుంచాను. వత్తుల కింద వత్తులు వచ్చే లిపి కాబట్టి వరుస ఎత్తు సరిపోకపోతే బటన్ల అడుగున అక్షరాలు తెగిపోతాయి. ఫాంటు సైజును కొద్దిగా తగ్గించడంతో సర్దుకుంది. టెర్మినల్‌లో మాత్రం ప్రతి అక్షరాన్నీ సమాన వెడల్పు గడుల్లో ఇరికించే పద్ధతి వల్ల తెలుగు ఎప్పుడూ కొంత ఇబ్బందిగానే కనబడుతుంది. దాని మీద ఎక్కువ సమయం వెచ్చించలేదు.

అకారాది క్రమం

ఈ ప్రాజెక్టులో అన్నింటికంటే ఎక్కువ ఆలోచన పెట్టించినది ఇదే. ఒక పదాల పట్టికను నిఘంటువు క్రమంలో అమర్చాలి. సీ లొకేల్‌లో సార్ట్ ఆదేశం బైట్ల ప్రకారం అమరుస్తుంది, యూటీఎఫ్-8లో బైట్ల క్రమమూ కోడ్ పాయింట్ల క్రమమూ ఒకటే. ఈ పద్ధతి తెలుగుకు ఊహించినంత చెడ్డది కాదు. యూనికోడ్ పట్టికలో హల్లుల తరువాత గుణింతపు గుర్తులు, వాటి తరువాత పొల్లు వచ్చేలా ఏర్పాటు ఉంది. అందువల్ల కథ, కాకి, కౌలు, క్రమం అనే మాటలు నిఘంటువులో ఉండే వరుసలోనే పడతాయి. గుణింతాలన్నీ ముగిశాక వత్తులున్న మాటలు రావడం మన సంప్రదాయమే.

తేడా వచ్చేది ళకారం, బండి ఱ దగ్గర. యూనికోడ్‌లో ర పక్కనే ఱ, ల పక్కనే ళ ఉన్నాయి. మన వర్ణమాలలో య, ర, ల, వ, శ, ష, స, హ ముగిశాక ళ, చివర ఱ వస్తాయి. కాబట్టి కల, కవి, కళ అని ఉండాల్సిన మాటలు బైట్ల క్రమంలో కల, కళ, కవి అని వచ్చాయి.

పరిష్కారంగా మొదట తట్టిన ఆలోచన, సార్ట్‌కు ముందు ళ, ఱలను యూనికోడ్‌లోని ప్రైవేటు వాడకపు కోడ్‌లతో తాత్కాలికంగా మార్చడం. కాగితం మీద పరిశీలిస్తేనే అది నిలవదని తేలుతుంది: ఆ కోడ్‌లు గుణింతపు గుర్తులన్నింటికంటే పెద్దవి కాబట్టి కళ అన్న మాట కాకి, కౌలు కూడా దాటి కిందికి పోతుంది. కావలసినది హకారానికీ దీర్ఘపు గుర్తుకూ మధ్య ఉన్న చోటు. తెలుగు బ్లాకులో హకారం 0సీ39 దగ్గర, దీర్ఘం 0సీ3ఈ దగ్గర ఉన్నాయి. వాటి మధ్య 0సీ3ఏ, 0సీ3బీ అనే రెండు కోడ్‌లకు ఏ అక్షరమూ కేటాయించలేదు. సరిగ్గా రెండే ఖాళీలు, సరిగ్గా రెండే అక్షరాలు. ళకారాన్ని మొదటిదానిలోకి, ఱను రెండవదానిలోకి మార్చి, సీ లొకేల్‌లో సార్ట్ చేసి, మళ్లీ వెనక్కు మార్చడంతో కల, కవి, కళ, కాకి, కౌలు, క్రమం అన్న వరుస వచ్చింది. భవిష్యత్తులో ఆ స్థానాలకు యూనికోడ్ అక్షరాలను కేటాయిస్తే ఈ ఉపాయాన్ని మార్చాలి కాబట్టి స్క్రిప్టు తలభాగంలో ఆ సంగతి వ్యాఖ్యగా రాశాను. తాత్కాలిక కోడ్‌లు ఏ ఫైలులోనూ మిగిలిపోకుండా చివర ఒక తనిఖీ కూడా పెట్టాను.

లొకేల్‌లోని క్రమాన్నే ఎందుకు వాడలేదంటే, అది లైబ్రరీ వెర్షనుతో మారగలదు. గ్నూ సీ లైబ్రరీ 2.28లో క్రమ నియమాలు పెద్ద ఎత్తున మారినప్పుడు, పాత క్రమంలో నిర్మించిన డేటాబేస్ ఇండెక్సులను తిరిగి నిర్మించాల్సి వచ్చింది. యంత్రం అప్‌గ్రేడ్ అయిన ప్రతిసారీ పట్టిక వరుస మారుతుందేమోనన్న సందేహం లేకుండా, నియమం నా స్క్రిప్టులోనే కనబడేలా ఉండటం మేలనిపించింది.

దూరపు సర్వరు

బ్యాకప్ ఉండే సర్వరులోకి, దూరపు యంత్రాల్లో పనిచేయడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించగానే, లొకేల్‌ను అమర్చలేకపోయానని పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష హెచ్చరిక, అదే అర్థంతో బ్యాష్ హెచ్చరిక కనబడ్డాయి. ఆ సర్వరులో తెలుగు లొకేల్‌ను ఎవరూ తయారు చేయలేదు, అక్కడి సెట్టింగుల్లో తెలుగు ప్రస్తావనే లేదు. ఈ యంత్రమే పంపిస్తున్నది: డెబియన్ ఎస్ఎస్‌హెచ్ క్లయింటు సెట్టింగుల్లో లాంగ్‌ను, ఎల్‌సీతో మొదలయ్యే వేరియబుల్స్‌ను అవతలికి పంపమని, సర్వరు సెట్టింగుల్లో వాటిని అంగీకరించమని ముందే రాసి ఉంటుంది. ప్రయాణికుడు వెళ్లిన ఊరిలో తన ఇంటి తాళంచెవి తిప్పి చూసినట్టే ఇది. సర్వరులో తెలుగు లొకేల్ తయారు చేయడం ఒక మార్గం, క్లయింటులో ఆ పంపకాన్ని ఆపడం మరొకటి. ఇతరులు కూడా వాడే యంత్రం కనుక దాని జోలికి పోకుండా, ఇక్కడి ఫైలులోనే ఆ వరుసను వ్యాఖ్యగా మార్చాను.

క్రాన్ పనులు

నిర్ణీత సమయాల్లో వాటంతట అవే నడిచే క్రాన్ పనులకు ఎన్విరాన్‌మెంట్ (వేరియబుల్స్ సముదాయం) దాదాపు ఖాళీగా ఉంటుందని సాధారణంగా అనుకుంటారు. కానీ డెబియన్‌లో క్రాన్, లాగిన్ వ్యవహారాలు చూసే పామ్ ద్వారా నడిచి, యంత్రమంతటికీ ఉద్దేశించిన లొకేల్ ఫైలును చదువుతుంది. అక్కడ తెలుగు పెట్టి ఉంటే, తేదీలోని నెల పేరును ఇంగ్లిషు సంక్షిప్త రూపంలో ఆశించే స్క్రిప్టులన్నీ తెలుగు నెలలను చూసి తప్పుదారి పట్టేవి. ప్రతి స్క్రిప్టు మొదట్లోనూ ఎల్‌సీ-ఆల్‌కు సీ డాట్ యూటీఎఫ్-8 విలువ ఇచ్చాను. ఇందులో సందేశాలు, తేదీలు, క్రమం అన్నీ మార్పులేని కనీస రూపంలో ఉంటాయి, తెలుగు అక్షరాలు మాత్రం అక్షరాలుగానే గుర్తింపు పొందుతాయి. తేదీలను సంవత్సరం, నెల, రోజు వరుసలో అంకెలతోనే రాయిస్తున్నాను.

అప్లికేషన్లు

లిబ్రేఆఫీస్ తెలుగును సంక్లిష్ట లిపుల వర్గంలో చేరుస్తుంది, ఆ వర్గానికి ఫాంటు, సైజు, భాష విడిగా ఉంటాయి. పైనున్న మామూలు ఫాంటు సెట్టింగును ఎంత మార్చినా తెలుగు అక్షరాల్లో కదలిక రాదు. హన్‌స్పెల్ తెలుగు ప్యాకేజీని స్థాపించడంతో అక్షరదోషాల తనిఖీ కూడా లభించింది. బ్రౌజరు తన మెనూల భాషను ఒకచోట, వెబ్‌సైట్లకు పంపే భాషల జాబితాను మరోచోట ఉంచుతుంది. బ్రౌజరు తేదీల రూపానికి సీఎల్‌డీఆర్ అనే యూనికోడ్ డేటాను అనుసరిస్తుంది, టెర్మినల్ ఆదేశాలు సీ లైబ్రరీ డేటాను అనుసరిస్తాయి. ఒకే తేదీ రెండు చోట్ల రెండు రూపాల్లో కనబడితే సెట్టింగుల్లో లోపం వెతకనక్కర్లేదు.

ప్రస్తుత స్థితి

సెషన్ తెలుగులో, టెర్మినల్ సందేశాలు ఇంగ్లిషులో, క్రాన్ పనులు సీ డాట్ యూటీఎఫ్-8లో స్థిరంగా నడుస్తున్నాయి. పదాల పట్టికలో మొదటి అక్షరం పక్కనే సున్న ఉన్న మాటల స్థానం ఇంకా తేలలేదు: యూనికోడ్‌లో సున్న అచ్చుల కంటే ముందుంది కాబట్టి అంకె అన్న మాట అకారంతో మొదలయ్యే మిగిలిన మాటలన్నింటికంటే పైన నిలుస్తున్నది. పట్టికను వాడేవారు దాన్ని అక్కడే ఉంచమంటారో, మరోచోటికి మార్చమంటారో చెప్పాక ఆ వరుసను స్క్రిప్టులో చేరుస్తాను. ఆ తరువాత మిగిలే పని, ఈ సెట్టింగుల ఫైళ్లన్నింటినీ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంచి, ఖాళీ వర్చువల్ యంత్రంపై మొదటి నుంచి స్థాపించి చూడటం.